రెండు పోగుల నాడె

సూరత్‌లో ఉంటామని చెప్పగానే చుట్టాలు మొదట చీరల గురించి అడుగుతారు, ఆ తర్వాత డుమస్ దయ్యాల గురించి. డుమస్ మా ఊరి సముద్రపు ఒడ్డు. ఇసుక నల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ దయ్యాలు తిరుగుతాయని ఎవరో పుట్టించారు, ఇంటర్నెట్ దాన్ని మోసుకు తిరుగుతోంది. నేను చిన్నప్పటి నుంచి అక్కడికి వెళ్తూనే ఉన్నాను. నాకు వినిపించినవి టమాటా భజియా బండ్ల వాళ్ల కేకలు మాత్రమే.

దయ్యం అన్న మాట ఎవరైనా ఎత్తితే నవ్వేసే మనిషిని నేను. మా అమ్మ నాకు దిష్టి తీస్తున్నా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాను. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి నన్ను వేరే రకం మనిషి అనుకోకూడదు.

నేను గ్రాఫిక్ డిజైనర్ని. మార్కెట్ వ్యాపారులకు చీరల డబ్బాలు, లేబుళ్లు, క్యాటలాగులు తయారుచేస్తాను. నా పని అంతా హిందీ, గుజరాతీ, ఇంగ్లీషు అక్షరాలతోనే. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి పడుచుతనంలో ఇక్కడికి వచ్చి ఊరి బయట పల్సానాలో పవర్‌లూమ్ మీద పనిచేశాడు. నేను పుట్టింది, పెరిగింది అక్కడే, కార్ఖానా వెనక గదుల్లో. చదివింది గుజరాతీ బడిలో. తెలుగు చదవడం, రాయడం అమ్మ నేర్పింది. నా కాలేజీ చదువు అయిపోయాక ఊళ్లోకి, గోడాదరా పేటకు మారాం. అంతకు ముందు గోడాదరాలో నేను అడుగుపెట్టలేదు. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

గోడాదరాలో మనవాళ్లకు ఒక సంఘం ఉంది, ఒక చిన్న హాలు ఉంది. బతుకమ్మకు, పెళ్లి మాటలకు, చావు మాటలకు అందరూ అక్కడే కలుస్తారు. పోయిన సంవత్సరం సంఘం వాళ్లు ఒక పుస్తకం వేద్దామనుకున్నారు. ఇక్కడికి మొదట వచ్చిన నేత కుటుంబాల జ్ఞాపకాలు, పాత ఫోటోలు. పేరు 'పోగు'. అట్ట, లోపలి పేజీలు, సంఘానికి ఒక గుర్తు, అన్నీ నన్నే చేయమన్నారు. మనవాళ్లు నాకు పని చెప్పడం అదే మొదటిసారి. నాన్న ఆ సాయంత్రం వీధిలో నలుగురికి చెప్పొచ్చాడు.

అయితే ఒక గొడవ ఉంది. మా పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. అట్ట మీద పేరు హిందీ అక్షరాల్లో వేయాలని సంఘంలో సగం మంది అన్నారు. సంఘం పెద్ద సత్తయ్య మామ మాత్రం తెలుగే ఉండాలన్నాడు. ఆయన మాకు రక్తసంబంధం కాదు, అందరికీ మామే. నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"చూడు బిడ్డా, పిల్లలు చదవకున్న మంచిదే. చూడంగనే చేతికి తీసుకోవాలె. నువ్వు గట్ల రాస్తె నేను అందర్ని ఒప్పిస్త. లేకుంటె హిందీలనే ఎయ్యాలె, ఇగ నేను కూడ ఏం అనలేను."

అంటే మా సంఘం వేసే మొదటి పుస్తకం మీద తెలుగు ఉండాలా వద్దా అన్నది నా చేతిలో పెట్టాడు.

నాకు చేత కాలేదు. కంప్యూటర్‌లో ఉన్న తెలుగు అక్షరాలన్నీ వేసి చూశాను. ఏది వేసినా పెళ్లి పత్రికలాగో, ఎన్నికల పోస్టరులాగో ఉంది. చేత్తో గీద్దామంటే నా తెలుగు రాత ఐదో తరగతి పిల్ల రాత. చూపించినవన్నీ సత్తయ్య మామ మొహమాటంగా బాగున్నాయనేవాడు. బాగాలేవని ఇద్దరికీ తెలుసు.

అట్లాంటి ఒక ఆదివారం పొద్దున మా చిన్నమ్మ కూతురు అఖిల నన్ను బలవంతంగా డుమస్‌కు లాక్కెళ్లింది. మంచి ఎండ. ఒడ్డంతా జనం, ఒంటెలు, పిల్లలు. భజియాలు తిని, నీళ్లు వెనక్కి పోయిన చోట తడి ఇసుకలో కూర్చున్నాం. అఖిల ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. నేను ఊరికే వేలుతో ఇసుక మీద 'పోగు' అని రాశాను.

'పో' మామూలుగానే వచ్చింది. 'గు' రాస్తున్నప్పుడు కొమ్ము దగ్గర చెయ్యి ఆగలేదు. కొమ్ము కిందికి దిగింది, అక్షరాల కింది నుంచి ఎడమకు తిరిగింది, ఒకచోట కొద్దిగా వంగి లేచింది, చివర ఒక నాడె బొమ్మలో కలిసింది. నాడె అంటే మగ్గంలో ఇటూ అటూ పరుగెత్తే పడవలాంటి చెక్క, అడ్డపోగును మోసేది. చిన్నప్పుడు నాన్న కార్ఖానాలో చూశాను. నాడెకు అవతలి కొస నుంచి ఇంకో పోగు గీశాను. అది పైకి పోయి ఊరికే వదులుగా ఆగింది.

నాకు భయం వేయలేదు. ఒంటి మీద వెంట్రుకలు లేవలేదు. సంతోషం వేసింది, అంతే. చాలా రోజుల తర్వాత చెయ్యి మాట విన్నట్టు అనిపించింది. ఫోటో తీసుకుని, మళ్లీ భజియా కొనుక్కుని, ఇంటికి వచ్చి ఆ ఫోటో మీదే గీసుకుంటూ అట్ట పూర్తిచేశాను. ఆ 'గు', నాడెలనే సంఘానికి గుర్తుగా పెట్టాను.

సంఘంలో చూపించగానే హాలు మారిపోయింది. హిందీ కావాలన్న వాళ్లు కూడా ముందుకు వంగి చూశారు. ఒకామె వేలుతో ఆ కొమ్మును గాల్లో గీసింది. సత్తయ్య మామ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత దగ్గరగా చూసి నుదురు ముడిచాడు.

"గిదేంది బిడ్డా, నాడెకు రెండు దిక్కుల పోగులా? పోగు ఒక్క దిక్కు కెళ్లే వస్తది. గిది తప్పు. నలుగురు నేతోళ్లు చూస్తె నవ్వుతరు. ఒక పోగు తీసెయ్యి."

ఆయన చెప్పింది నిజం. అది నాకూ తెలుసు. నా వృత్తిలో ఇలాంటివి రోజూ ఉంటాయి. గులాబీ రంగు పచ్చగా మార్చమంటే మారుస్తాను, బాధపడను. ఇంటికి వెళ్లి ఆ రెండో పోగు తీసేశాను. చూస్తే అక్షరం ఒక పక్కకు ఒరిగిపోయినట్టుంది. మళ్లీ పెట్టాను. మళ్లీ తీశాను. చివరికి సత్తయ్య మామకు ఫోన్ చేసి, తీయను మామా, కావాలంటే వేరే వాళ్లతో చేయించుకోండి అన్నాను. ఫోన్ పెట్టేశాక నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. నేను అలా మాట్లాడే దాన్ని కాదు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఏమైందే నీకు" అంది.

మామకు కోపం వచ్చింది. ఆయన కోపం తగ్గకముందే, పోగు సంగతి తేలకముందే ఇంకో పని మొదలైంది. పుస్తకం విడుదలకు ముందు హాలు ముందు గోడకు రంగు వేసి, కొత్త గుర్తును గోడ మీద రాయించాలని అనుకున్నారు. అప్పటిదాకా ఆ గోడ మీద ఒక పెద్ద ఫ్లెక్స్ ఉండేది. దాన్ని తీసేసి, కింద ఉన్న పాత రంగు పొరలు గీకే పని దినేశ్‌భాయ్ అనే పెయింటర్‌కు ఇచ్చారు. కొలతలకని నా డిజైన్ ప్రింటు ఒకటి, రెండు పోగులతోనే, ఆయనకు పంపాను.

మధ్యాహ్నం భోజనం చేస్తుంటే దినేశ్‌భాయ్ ఫోన్. "మేడమ్, యే తో పెహలే సే హై" అన్నాడు. ఇది ముందు నుంచే ఉంది కదా అని. నాకు అర్థం కాలేదు. చెయ్యి కడుక్కుని వెళ్లాను.

గోడ మీద పసుపు రంగు, దాని కింద నీలం, దాని కింద సున్నం పొర పెచ్చులుగా ఊడి ఉన్నాయి. సున్నం కింద ఎర్ర రంగులో చేత్తో రాసిన పాత అక్షరాలు. 'తెలుగు సంఘం' అని. 'తెలుగు'లో చివరి 'గు' కొమ్ము కిందికి దిగి, అక్షరాల కింది నుంచి ఎడమకు తిరిగి, ఒకచోట వంగి లేచి, నాడెలో కలిసింది. నాడెకు రెండు పక్కలా పోగులు. రెండోది పైకి పోయి వదులుగా ఆగింది.

దినేశ్‌భాయ్ నా ప్రింటు పట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి కాగితం, ఒకసారి గోడ చూస్తున్నాడు. నేను ఎండలో అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

కాసేపటికి నా బుర్ర నా వృత్తిలోకి వచ్చింది. గోడకు ఎదురుగా నిలబడి ఫోటో తీశాను. ఇంటికి వెళ్లి కంప్యూటర్‌లో ఆ ఫోటో మీద నా గీత పెట్టి చూశాను. 'గు' నుంచి నాడె దాకా గీత మీద గీత కూర్చుంది. ఆ మధ్యలో వంపు కూడా. పోలిక ఉంది అని చెప్పడం లేదు, కూర్చుంది అంటున్నాను. అక్షరాలతో పనిచేసే వాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. ఒకే మనిషి రెండుసార్లు రాసినా అట్లా కూర్చోదు.

సాయంత్రానికి హాలు ముందు జనం చేరారు. అది ఎవరు రాశారో సత్తయ్య మామకు చప్పున గుర్తొచ్చింది. రాజేశం అని ఒకాయన. మగ్గం మీద పనిచేస్తూ, సెలవు రోజున మనవాళ్ల కిరాణా కొట్లకు, మంగలి షాపులకు తెలుగులో బోర్డులు రాసేవాడట. నేను పుట్టకముందే జబ్బు చేసి చనిపోయాడు. గోడకు సున్నం వేసింది అంతకంటే ముందే. ఆయన భార్య నర్సవ్వ రెండు వీధుల అవతల కొడుకు దగ్గర ఉంటుంది. ఎవరో వెళ్లి తీసుకొచ్చారు.

నర్సవ్వ గోడను చాలాసేపు చూసింది. ఏడుస్తుందని అందరం అనుకున్నాం. ఆమె నవ్వడం మొదలుపెట్టింది.

"గా రెండో పోగు గురించే లొల్లి అయ్యింది. అందరు నవ్విండ్రు. తీసెయ్యి అంటె తియ్యనే తియ్య అన్నడు. ఇద్దరు ముగ్గురు కలిసి సున్నం ఏసిండ్రు. మూడు పూటలు అన్నం తినలే మనిషి."

ఎందుకు రెండు పోగులు గీశాడని అడిగాను.

"నేను అడిగిన బిడ్డా. ఒక్కటుంటె ఒరిగినట్టు ఉంటది అన్నడు."

సత్తయ్య మామ నేల చూస్తూ, "మొన్న అట్ట చూసినప్పుడు యాదికి రాలే గని, నవ్విన వాళ్లల్ల నేను కూడ ఉన్న" అన్నాడు. నర్సవ్వ, "నాకు తెల్వదా ఏంది" అంది. అప్పుడు మామ కూడా నవ్వాడు. ఆ తర్వాత అందరూ.

నా డిజైన్ గోడ మీద వేయించలేదు. దినేశ్‌భాయ్‌తో రాజేశం అక్షరాలకే మళ్లీ ఎర్ర రంగు దిద్దించాం. పుస్తకం అట్ట మీద తెలుగు అక్షరాలే ఉన్నాయి, రెండు పోగులతో. దాని గురించి ఇక ఎవరూ మాట్లాడలేదు.

ఇది విన్నవాళ్లు చెప్పే కారణాలు నాకు తెలుసు. నేనే వాటన్నిటినీ ముందు వెతికాను. చిన్నప్పుడు చూసి ఉంటానా అంటే, నేను పుట్టేనాటికి గోడ మీద సున్నం ఉంది. రాజేశం రాసిన ఇంకో బోర్డు ఏదైనా ఉందా అని పాత కొట్లన్నీ తిరిగాను, లేదు. ఫోటో ఉందా అని పుస్తకం కోసం వచ్చిన పాత ఫోటోలన్నీ మళ్లీ చూశాను, అందులో ఆ గోడ లేదు. నాన్నను అడిగితే రాజేశం పేరే వినలేదన్నాడు. నేతోళ్ల బిడ్డ కాబట్టి నాడె గీసింది అంటాడు నా కాలేజీ స్నేహితుడు ఒకడు. నాడె వరకు ఒప్పుకుంటాను. ఆ తప్పు కూడా అదే ఎట్లా గీశాను? అమ్మ మాత్రం కొబ్బరికాయ కొట్టి ఊరుకుంది. ఆమెకు కారణం అవసరం లేదు.

విడుదల రోజు జనం హాల్లో పట్టలేదు. పిల్లలు పుస్తకం తీసుకుని, అట్ట మీద వేలు పెట్టి 'గు' దిద్దుతూ, ఇది ఏ అక్షరం అని అమ్మలను అడుగుతుంటే చూశాను. అక్కడ పెట్టిన పూరీలు, శ్రీఖండ్ అందరికంటే ఎక్కువ నేనే తిన్నాను.

నర్సవ్వ తన పుస్తకం తెచ్చి, మొదటి తెల్ల పేజీ తెరిచి నా ముందు పెట్టింది. "గా గు ఒక్కటి నీ చేతితోని రాసియ్యి బిడ్డా" అంది.

పెన్ను తీసుకున్నాను. 'గ' వచ్చింది. కొమ్ము దగ్గరికి రాగానే చెయ్యి నిలిచిపోయింది. ఎటు తిప్పాలో తెలియలేదు. ఎదురుగా అట్ట మీద ఉంది, చూస్తూ గీశాను. పిల్ల గీతలా వణికింది. ఇంకోసారి గీశాను, అదీ అంతే. చుట్టూ నలుగురు చూస్తున్నారు. నర్సవ్వ మెల్లగా పెన్ను నా చేతిలోంచి తీసుకుంది.

"ఉండనియ్యి బిడ్డా. ఆయనకు ఇంకొక్కసారే రాయాలనిపిచ్చిందేమొ" అని పుస్తకం సంచిలో పెట్టుకుంది.

ఇప్పటికీ ఎవరైనా ఆ గుర్తు కావాలంటే కంప్యూటర్‌లో ఫైలు తెరిచి కాపీ చేసి ఇస్తాను. అప్పుడప్పుడు కాగితం మీద ప్రయత్నిస్తాను, పని మధ్యలో, సరదాకి. ఆ వంపు రాదు. నేను గీసిందే, నా ఫోన్లో ఫోటో ఉంది, పక్కన అఖిల కాళ్లు కూడా పడ్డాయి. ఎట్లా గీశానో మాత్రం నాకు తెలియదు.