మంచం మీది మనిషికే చెప్పాలి

వీధి చివర ఎవరో లారీ ఇంజన్ విప్పి కిరసనాయిలుతో కడుగుతున్నట్టున్నారు. ఆ వాసన మా వంటింటి దాకా వచ్చింది. నరసరావుపేటలో మా పక్కింటి మెకానిక్ మస్తాన్ బాబాయి చేతుల వాసన అది. రక్తసంబంధం లేదు గానీ, నాకు నోరిచ్చినవాడు ఆయనే.

పెద్దవయసులో బాబాయికి ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం ఆగిపోయింది. ఆపరేషన్ తప్పదన్నారు. దానికి తోడు, ఏళ్ల తరబడి పొగ మింగిన ఆయాసం. కొడుకు ఖాదర్‌తో పాటు నేనూ ఆసుపత్రికి వెళ్లాను. మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి, మా వైపు రివాజు ప్రకారం, మంచం మీది మనిషిని వదిలేసి మమ్మల్ని పక్కకు పిలిచింది.

"మొత్తం మత్తిచ్చేయండి మేడం. వెన్నులో సూది వద్దు, జన్మంతా నడుంనొప్పేనంట," అన్నాడు ఖాదర్. నేనూ తలూపాను. నా నడుంనొప్పినంతా కాన్పప్పటి సూది మీదే తోస్తూ వచ్చినదాన్ని మరి.

మంచం మీంచి కేక వినిపించింది. "ఒరేయ్ ఖాదరూ! ఇంజన్ నాది, బేరం నీదా? ఇటు రామ్మా డాక్టరమ్మా. కోసేది నన్ను, నాకు చెప్పు."

"నువ్వు భయపడతావని, నాయనా..."

"భయం కూడా నువ్వే పడతావా ఏంది నా బదులు?"

డాక్టరమ్మ స్టూలు లాక్కుని ఆయన ఎదుట కూర్చుంది. రెండు పద్ధతులూ ఉన్నాయంది. మొత్తం మత్తయితే, ఈ ఆయాసంతో తేరుకోవడం కాస్త కష్టం కావచ్చు. వెన్నులో ఇస్తే ఊపిరి తనంతట తానే తీసుకుంటాడు, మొదటి గంటల్లో నొప్పీ తక్కువ. కాళ్లు కాసేపు మొద్దుబారతాయి, బీపీ పడిపోవచ్చు, కొందరికి తలనొప్పి వస్తుంది. సూది గుచ్చిన చోటి నొప్పి మాత్రం జన్మంతా ఉండేది కాదు.

"విన్నావటే? చానా ఏళ్లు ఉత్తపుణ్యానికి సూదిని తిట్టావు," అని బాబాయి నన్ను చూసి నవ్వి, వెన్నులోనే ఇమ్మన్నాడు.

"తేడా వస్తే మమ్మల్ని అనొద్దు," ఖాదర్ మొహం గంటు పెట్టుకున్నాడు.

"నన్ను నేనే తిట్టుకుంటాలే, పో."

ఆపరేషన్ అయ్యాక బయటికి తెచ్చినప్పుడు కాళ్లు దుంగల్లా పడున్నాయి గానీ, మనిషి తెలివిలోనే ఉన్నాడు. ఆయాసం ముదరలేదు. "టీ ఎప్పుడిస్తారో కనుక్కోరా," అన్నాడు కొడుకుతో. మొత్తం మత్తిచ్చినా ఇలాగే లేచేవాడేమో, నాకు తెలియదు. ఎంచుకున్నది ఆయన, అంతవరకు తెలుసు.

ఇప్పుడు బాబాయి లేడు. నిరుడు నా గర్భసంచి ఆపరేషన్ గురించి డాక్టరు మా ఆయన వైపు తిరిగి మొదలుపెట్టాడు. గదిలో అందరూ ఉలిక్కిపడేలా అన్నాను: "ఆయనకు ఇంటికెళ్లి నేను చెప్పుకుంటాను గానీ, ముందు మీరు ఇటు తిరగండి."