పంతొమ్మిదో కాల్

విక్టోరియమ్మగారికి మనుషుల ముఖాలు గుర్తుండవు, ఫోన్ నంబర్లు గుర్తుంటాయి. నవ్వకండి, నిజమే. ఏలూరు బజారులో ఎవరైనా ఆపి "బాగున్నారా అండీ" అంటే ఆవిడ బిక్కమొహం వేసి "మీ నంబరెంతండీ?" అనేవారు. నంబరు వినగానే ఇంటిపేరుతో సహా చెప్పేసేవారు. పదిహేడేళ్ళు టెలిఫోన్ ఆఫీసులో ట్రంకు బోర్డు ముందు కూర్చున్న మనిషి మరి! తాడేపల్లిగూడెం మిల్లుల వాళ్ళకి మద్రాసు, కైకలూరు చేపల వ్యాపారులకి కలకత్తా కలిపేవారు. రెండువైపులా గొంతు పలికిందాకా లైనులోనే ఉండి, "మాట్లాడండి" అని తప్పుకునేవారు. ఆ మొదటి రెండు మాటలూ వినడం ఆవిడ ఉద్యోగంలో భాగం.

ఎస్టీడీలు వచ్చి ట్రంకు బోర్డు మూలపడ్డాక ఆవిడని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. 2004లో ఓ ప్రైవేటు ఫోన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. వాళ్ళ కాల్స్ వీళ్ళ లైన్లలోకి, వీళ్ళ కాల్స్ వాళ్ళ లైన్లలోకి పోవాలి. నలభై రెండు పేజీల కాగితం, మొత్తం టైపు చేసింది విక్టోరియమ్మగారే. అందులో పద్నాలుగో షరతు ఆవిడకి కంఠతా వచ్చు. ఊళ్ళో కాల్ ఊళ్ళో దారినే రావాలి, దూరం కాల్ దూరం దారినే రావాలి. విదేశాల కాల్‌ని ఊళ్ళో నంబరు చాటున, ఛార్జీ ఎగ్గొట్టి దొంగతనంగా దాటిస్తే ఆ లైను ఆ రోజే కోసేయాలి. అది ఎవరి పేరున ఉందో ఆ పేరూ చిరునామా రెండు కంపెనీలూ కలిసి పోలీసులకి రాసివ్వాలి.

"అబ్బ, ఎంత బాగా రాశారండీ! ఇక దొంగల ఆట కట్టు," అని మురిసిపోయారావిడ. ఆ మురిపెం నెల రోజులు కూడా నిలవలేదు.

నెలకోసారి రెండు కంపెనీల వాళ్ళూ కలిసి కూర్చుని, లైన్లలో నడుస్తున్న ముప్ఫై కాల్స్ పరీక్ష చెయ్యాలని ఇంకో షరతు ఉంది. విక్టోరియమ్మగారు చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, గొంతు సరిగ్గా వస్తోందో లేదో ఒక్క క్షణం విని, కాల్ ఏ నంబరు నుంచి వస్తోందో తెర మీద చూసి పైకి చదవాలి. ప్రైవేటు కంపెనీ ఇంజనీరు శ్యామ్ సుందర్ కాగితం మీద రాసుకోవాలి. వెనక కుర్చీలో ఆఫీసరు జోగారావుగారు. పద్దెనిమిది కాల్స్ చకచకా అయిపోయాయి.

పంతొమ్మిదో కాల్. ఓ మగగొంతు. "అమ్మా, నేనేనే. మస్కట్‌లో ఎండలు మండిపోతున్నాయి." ఓ క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ముసలావిడ గొంతు, "అన్నం తిన్నావా నాయనా?"

ఆ క్షణం ఆలస్యం విక్టోరియమ్మగారికి ట్రంకు రోజుల నుంచీ తెలుసు. సముద్రం దాటొచ్చే గొంతు కాస్త ఆగి వస్తుంది. కానీ తెర మీద ఉన్నది ఏలూరు నంబరు. దొంగ దొరికాడన్న ఉత్సాహంతో చదవబోయి నోరు తెరిచిన ఆవిడ మొదటి అంకె దగ్గరే ఆగిపోయారు.

అది ఆవిడ సొంత నంబరు.

ఉద్యోగులకి ఆఫీసు ఉచితంగా ఒక ఫోను ఇస్తుంది. చాలామంది దాన్ని ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళ దగ్గర పెట్టించుకుంటారు. విక్టోరియమ్మగారు కూడా కొల్లేటి గట్టున తమ్ముడు ఏసోబు ఐసు ఫ్యాక్టరీ దగ్గరున్న ఇంట్లో, తల్లి మంచం పక్కన పెట్టించారు. ప్రతి ఆదివారం గుడి నుంచి రాగానే తల్లితో మాట్లాడేవారు. తల్లి పోయి ఏడాదైంది. ఫోను వెనక్కి ఇచ్చేయాల్సింది. ఆ నంబరు కొట్టేయమని కాగితం రాయడానికి చెయ్యి రాలేదు.

"మేడమ్, నంబరు?" అన్నాడు శ్యామ్ సుందర్ పెన్ను పట్టుకుని.

ఆవిడ వేలు ఎప్పుడు మీట నొక్కిందో ఆవిడకే తెలీదు. తెర ఖాళీ అయిపోయింది.

"ఒక్క నిమిషమండీ... తల తిరుగుతోంది."

"పొద్దున్నుంచీ కదలకుండా కూర్చుంటే తిరగదా అమ్మా? వెళ్ళి టీ తాగి రండి. ఆ వరస ఖాళీగా ఉంచండి," అన్నారు జోగారావుగారు.

వరండా చివర ఫోను దగ్గరికి నడిచారు. జీవితమంతా అంకెలతో గడిపిన మనిషి తమ్ముడి సెల్‌ఫోను నంబరు రెండుసార్లు తప్పు నొక్కారు.

"ఏసోబూ, అమ్మ ఫోను ఎవరు వాడుతున్నార్రా?"

"మేడ మీద గది అద్దెకిచ్చానక్కా. రొయ్యల రేట్లు కంప్యూటర్లో చూసుకుంటారంట. ఊరికే పడి ఉంది కదాని ఆ లైను వాళ్ళకిచ్చాను. ఏం?"

"అది నా పేరున ఉందిరా!"

"నీ పేరున ఉంటే మరీ మంచిది. నువ్వు ఆ ఆఫీసులోనే ఉన్నావు, నిన్నెవరేమంటారక్కా?"

పోలీసు జీపు ఆవిడ కళ్ళ ముందు కదిలింది. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. గుళ్ళో ఆడవాళ్ళు చెవులు కొరుక్కోవడం ఇప్పుడే వినబడుతున్నట్టుంది. ఉద్యోగం చేసేదీ ఈవిడే, పద్నాలుగో షరతు టైపు చేసిందీ ఈవిడే, లైనూ ఈవిడదే. నాకు తెలీదండీ అంటే ఎవరు నమ్ముతారు? ఆవిడ అయితే నమ్మేవారా?

"వాళ్ళని ఇప్పుడే పంపించెయ్యనా?" అన్నాడు ఏసోబు. ఈసారి అతని గొంతులోనూ భయం ఉంది.

"ఏదీ ముట్టుకోకు. నువ్వే స్టేషనుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు. ఈ ఒక్కసారి నా మాట విను."

తిరిగొచ్చి కూర్చున్నారు. కాగితం మీద పంతొమ్మిదో వరస తెల్లగా ఉంది.

"నంబరు కనబడకపోతే కనబడలేదని రాసేద్దాం. ముప్ఫైలో ఒకటి పోతే కొంపలేం మునిగిపోవు," అన్నారు జోగారావుగారు ఆవులిస్తూ.

శ్యామ్ సుందర్ తలూపి పెన్ను ఆనించాడు. 'క' రాశాడు. 'న' రాశాడు. ఎంత తేలిక! ఆవిడ ఊరుకుంటే చాలు. ఊరుకున్నారు కూడా, ఆ రెండు అక్షరాలసేపు. ఈ చేత్తో ఎవరికీ ఎప్పుడూ తప్పు నంబరు కలపలేదని ఊరంతా చెప్పుకునే మనిషి, ఊరుకున్నారు.

"అది కొట్టెయ్యండి బాబూ," అన్నారు. "కనబడింది. నేనే చెరిపేశాను."

జోగారావుగారి ఆవులింత సగంలో ఆగిపోయింది.

ఆవిడ కళ్ళు మూసుకుని, ట్రంకు బోర్డు రోజుల్లోలాగే ఒక్కొక్క అంకె విడదీసి చెప్పారు. "రెండు. మూడు. సున్నా. ఏడు. నాలుగు. ఒకటి. విదేశీ కాల్. మస్కట్."

శ్యామ్ సుందర్ గబగబా రాసుకున్నాడు. పక్క గడిలోకి పెన్ను జరిపాడు. ఆ గడిలో పోలీసులకి ఇవ్వాల్సిన పేరు రాయాలి.

"లైను ఎవరి పేరున ఉందో వెతకాలి కదండీ?"

"వెతకక్కర్లేదు," అన్నారు విక్టోరియమ్మగారు. "నా పేరే. రాసుకోండి."