చరణం అందించే మనిషి

మా అవ్వను పాట లేకుండా మట్టిలో పెట్టారు. అవ్వ అంటే మా వైపు అమ్మ. ఈ పని చేసింది పరాయివాళ్ళు కాదు... మా చర్చి సంఘం పెద్దలే. చదివి కోపం వస్తే రానివ్వండి. నాకు ఏడుపు వస్తోంది.

మా చిన్నప్పుడు... మంచిర్యాల దగ్గర, గోదావరి ఒడ్డున ఉన్న మా పల్లెలో, రేకుల గుడిలో ఆదివారం ఆరాధన. కీబోర్డు లేదు, డోలక్ లేదు. నేల మీద ఒకవైపు ఆడవాళ్ళ చాపలు, ఒకవైపు మగవాళ్ళ చాపలు. పుస్తకం చదవగలిగినవాళ్ళు తక్కువ. అందుకని పాటను అవ్వ అందించేది. ఒక్కో చరణం ముందు మాటగా చెప్పి, ఆ తర్వాత రాగం ఎత్తేది. అందరూ అందుకునేవాళ్ళు... ఆ చరణాలన్నీ ఆమె తన అవ్వ నోట విని నేర్చుకున్నవే.

మా ఏసోబు తాత బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసి ఊపిరితిత్తులు పాడైన మనిషి. ప్రతి చరణం అందరికంటే వెనక ముగించేవాడు. ఆయన గొంతు వచ్చి చేరేదాకా అవ్వ తర్వాతి చరణం ఎత్తేది కాదు. ఆ కాస్త నిశ్శబ్దంలో ఆయన ఒక్కడి పాటే వినబడేది... తెగిపోతూ, మళ్ళీ అతుక్కుంటూ.

"మామది గూడ్సు బండి, జర ఆగుండ్రి" అని మగవాళ్ళ వైపు నుంచి ఎవరో అనేవారు.

"గూడ్సు బండైతేంది, బరువు మోసేది నేనే గదరా" అనేవాడు తాత. గుడి అంతా నవ్వేది.

ఇంటికి పోతూ ఒకసారి అడిగాను. "అవ్వా, తాత కోసం గింతమందిమి ఎందుకు ఆగాలె?"

"గాయిన పాట గూడ దేవునికే గద బిడ్డా. ఆయినను నడుమల ఇడిసిపెట్టి మనం ముంగటికి ఎట్ల పోతం?"

నేను ఏ బైబిల్ కాలేజీలోనూ చదవలేదు. ప్రార్థన కూటాల్లో పంచే కరపత్రాలే నా చదువు. కానీ సంఘం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ ఒక్క మాటతోనే.

తర్వాత ఏసోబు తాత పోయాడు. రేకులు పోయి స్లాబు వచ్చింది. దాని వెనకే కీబోర్డు, ప్యాడ్లు, మనిషంత స్పీకరు పెట్టెలు... సంఘపెద్ద ప్రకాశం కాక, నాకు బాబాయి వరస, ఒక ఆదివారం అందరి ముందే అవ్వతో అన్నాడు. "వదినే, నీ పాట కీబోర్డుకు కలుస్తలేదు. జర ఎనుకకు కూసో."

అవ్వ చాప చుట్టుకొని గడప దగ్గరికి పోయింది. ఆ రోజు నుంచి పెదవులు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. ఇంట్లో రొట్టెలు చేస్తూ పాడే మనిషి... అదీ మానేసింది.

నేను ఊరుకోలేదు. తొలినాటి విశ్వాసులు వాయిద్యాలు లేకుండానే పాడేవారని ఒక కరపత్రంలో చదివి, అది పట్టుకొని కాక ఇంటికి పోయాను.

"వాక్యంల సితారా లేదా, తంబుర లేదా? నాలుగు కరపత్రాలు సదివి పాస్టర్‌వైనవా?" అన్నాడు.

వాయిద్యం పాపమని ఆ రోజు గట్టిగా వాదించాను. ఈ రోజు వాదించను. పాడే మనిషిని లేపి ఆ చోట యంత్రాన్ని కూర్చోబెట్టారే... నా గొడవ అది.

ఈ వానాకాలం అవ్వ పోయింది. మాలో శవం వెంట పాడుకుంటూ నడవడం ఆచారం. కాక ఆటో మీద స్పీకరు పెట్టించి, ఫోన్లోంచి పాటలు వేయించాడు. మనుషులు నోరు మూసుకొని ఆటో వెనక నడిచారు. గుంట దగ్గర మట్టి వేస్తుండగా ఆ ఫోనుకు కాల్ వచ్చింది. స్పీకర్లోంచి రింగుటోను... మా అవ్వ మీద.

"బందు చెయ్యుండ్రి కాకా" అని అరిచాను.

ఆపేశారు. మా మేనత్త కళ్ళు తుడుచుకొని, అవ్వ ఎప్పుడూ ఎత్తే పాట ఎత్తింది. అందరం అందుకున్నాం. కాక కూడా అందుకున్నాడు. పల్లవి అయిపోయింది...

చరణం ఎవరికీ రాలేదు.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్ళీ పల్లవే పాడాం. మళ్ళీ చరణం దగ్గర ఆగిపోయాం. అందించే మనిషి మట్టి కింద ఉంది. మిగిలిన మట్టి మాటా పాటా లేకుండానే వేశాం.

మీ ఊళ్ళో పాట అందించేవాళ్ళు ఇంకా ఉన్నారా? ఎవరో, ఎలా పాడతారో కింద రాయండి. రాసి ఊరుకోకండి... పోయి వాళ్ళ పక్కన కూర్చోండి.

ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి, మా ఊరి సమాధుల దగ్గర కలుస్తున్నాం. ప్రకాశం కాకను కూడా పిలిచాను. స్పీకరు పెట్టెలు వద్దు. మా అవ్వ పాటల్లో ఎవరికి ఏ చరణం గుర్తుంటే అది, సగమే గుర్తుంటే ఆ సగమే, పట్టుకొని రండి.