గుడ్డపీలిక వడ్లు

పదో తరగతితో నా బడి ఆగిపోయింది. మిగిలిన చదువంతా నిడదవోలు గ్రంథాలయంలో సంపాదించుకున్నదే. ఆ బల్లల దగ్గర కూర్చుని వ్యవసాయం పుస్తకాల నుంచి నిఘంటువుల దాకా చదివానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఒకసారి 'కేళి' కోసం నిఘంటువు తీశాను. ఆట, విలాసం అని ఉంది. మా నాన్న నోట వినే కేళీ అందులో లేదు. వరిచేలో వేసిన రకం కాక వేరే రకం మొక్క లేస్తే మా వైపు దాన్ని కేళీ అంటారు. విత్తనం కల్తీ కాకుండా ఉండాలంటే వాటిని ఏరి పారేయాలి.

ఆ పని నాన్న ఎవరికీ అప్పగించేవారు కాదు. చేను ఈనుతున్న రోజుల్లో పొద్దున్నే దిగి, వంగి దుబ్బు దుబ్బూ చూసుకుంటూ నడిచేవారు. పక్క చేను ఆసామి గట్టు మీద నిలబడి ఎగతాళి చేసేవారు.

"ఏం బావా, చేనుకి పేలు చూస్తున్నావా?"

"నీ తలలో ఉన్నన్ని లేవులే బావా."

వాళ్లకి చుట్టరికం లేదు, వరస కలుపుకున్నారంతే. నేను ఆయన్ని మావయ్యగారూ అనేదాన్ని.

నా చిన్నప్పుడు ఒక తుఫానుకి చేలన్నీ పడిపోయాయి. మా చేలో మాత్రం అక్కడక్కడా కొన్ని దుబ్బులు వంగకుండా నిలబడ్డాయి. కోతల్లో కలిసిపోకూడదని నాన్న మా అమ్మ పాత ఎర్రచీర తెచ్చి ఆ దుబ్బులకి పీలికలు కట్టారు. మావయ్యగారు పీలికలు చింపి అందించారు. ఆ కంకులు విడిగా కోసి, ఏటా నాటి, కేళీలు ఏరి, నాన్న ఒక రకం నిలబెట్టారు. లావుపాటి కాడ, గింజ ముక్కున ఊదారంగు చుక్క. ఊళ్లో అందరూ గుడ్డపీలిక వడ్లు అనేవారు. మొదటి విత్తనం బస్తా మావయ్యగారికే వెళ్లింది.

చాలా ఏళ్ల తర్వాత ఒకరోజు ఆయన మా ఇంటికి వచ్చారు. "రేపు టౌన్లో రైతుల మీటింగ్ బావా. మన వడ్ల గురించే. ఇస్త్రీ చొక్కా వేసుకుని రా."

మన వడ్లు అన్నారు కదా అని నాన్న పొంగిపోయారు. గడ్డం గీయించుకున్నారు. నన్నూ వెంట తీసుకెళ్లారు. ప్లాస్టిక్ కుర్చీల్లో ముందు వరసలోనే కూర్చున్నాం. వేదిక మీదకి పిలిచింది మాత్రం మావయ్యగారిని. శాలువా కప్పారు. ఆయన మైకు పట్టుకుని తుఫాను గురించి చెప్పారు. నిలబడ్డ దుబ్బుల గురించి చెప్పారు. "మా ఆవిడ ఎర్రచీర చింపి గుర్తు కట్టానండి" అన్నారు. ఆ రకానికి వాళ్ల అమ్మగారి పేరు పెట్టుకున్నారట. అందరూ చప్పట్లు కొట్టారు. కొంచెం ఆలస్యంగా నాన్న కూడా కొట్టారు.

బయట టీ దగ్గర మావయ్యగారు నాన్న భుజం మీద చెయ్యి వేశారు. "ఏంటి బావా, మొహం అలా పెట్టావు? నిన్ను మైకు ముందు నిలబెడితే నీళ్లు నములుతావు. మనలో ఎవరైతే ఏంటి?"

"చీర ఎవరిది బావా?" అన్నారు నాన్న.

ఆయన నవ్వేసి ఇంకెవరితోనో మాట కలిపారు.

రైతు తాను తీసిన రకాన్ని తన పేరున నమోదు చేయించుకోవచ్చని నేను గ్రంథాలయంలో చదివాను. పరుగున వచ్చి నాన్నకి చెప్పాను. ఆయన నేను చెప్పిందంతా విన్నారు.

"పీలికలు కట్టిన రోజుకి సాక్షి ఎవరంటే ఏం చెప్తావమ్మా? మీ అమ్మ నా పెళ్లాం, నువ్వు నా కూతురివి. బయటి మనిషి వాడొక్కడేగా."



ఆ ఏడు దాళ్వా, అంటే వేసవి పంట నూర్చాక నాన్న వడ్లన్నీ మిల్లుకి పంపించేశారు. "ఏమండీ, విత్తనానికి తీశారా?" అని అమ్మ అడిగితే, "తినడానికేగా పండించేది" అన్నారు. అమ్మ ఆయన మొహంలోకి చూసి, విత్తనాల గోనె దులిపి మడత పెట్టేసింది.

తొలకరికి ముందు మావయ్యగారు వచ్చారు. ఆయన ఏనాడూ కేళీలు ఏరలేదు. చేనంతా కలగాపులగం అయిపోయింది. ఆ రకం చూడడానికి ఆఫీసర్లు వస్తామన్నారట.

"ఓ బస్తా అసలు విత్తనం పడెయ్యి బావా. పరువు పోయేలా ఉంది."

"లేదండి."

"అండి ఏంటి బావా, కొత్తగా! నీ ఇంట్లో విత్తనం లేకపోవడం ఏంటి?"

"తినేశామండి."

మావయ్యగారు వంటింటి వైపు చూశారు. అమ్మ పొయ్యి దగ్గర అన్నం వారుస్తోంది. మా నాన్న అన్నేళ్ల నడుము నొప్పి ఆ గిన్నెలో ఉడికింది. మేము తిన్నాం. ఆ మధ్యాహ్నం నాన్న మారు వడ్డించుకుని మరీ తిన్నారు.

కొన్నేళ్లకి నాన్న పోయారు. మా పొలం కౌలుకి ఇచ్చాం. మావయ్యగారు ఇప్పుడు కొట్లో విత్తనం కొని వేస్తున్నారు. మొన్న వానాకాలం సార్వాలో నేను గట్టు మీదుగా వెళ్తుంటే ఆయన చేలో కూలివాళ్ల చేత కేళీలు తీయిస్తున్నారు. తానూ ఒక దుబ్బు పీకి గట్టు మీదకి విసిరారు. అది నా కాళ్ల దగ్గర పడింది. లావుపాటి కాడ. గింజ ముక్కున ఊదారంగు చుక్క. ఎప్పుడో రాలిన గింజ మొలిచినట్టుంది.

"ఏంటమ్మా, అంతలా చూస్తున్నావు? కేళీ అది" అన్నారు.

ఆయన నటించడం లేదు. నిజంగానే గుర్తుపట్టలేదు.

"అవునండి, కేళీయే" అన్నాను.