తాతగారి పథ్యం

శేషగిరికి ఒకటే పిచ్చి: గోడమీది బొమ్మకు పెట్టనిదే తను ముద్ద ముట్టడు.

బొమ్మంటే దేవుడి పటమనుకునేరు. పందొమ్మిదో శతాబ్దపు మహారచయిత తైలవర్ణ చిత్రం. బొడ్డుదాకా గడ్డం, గిట్టనివాడు ఎదురొచ్చినట్టు చూపు. చదువుకని పరాయిదేశం వచ్చి అతను కుర్రాళ్ళతో కలిసి అద్దెకుంటున్న టార్నీట్‌లో జనం పాత సామాను వీధిలో పడేసే రోజున దొరికింది. మంచం తెస్తానని వెళ్ళినవాడు దీన్ని నెత్తిన పెట్టుకొచ్చి హాల్లో మేకు కొట్టాడు. ఆ సెమిస్టరంతా నేలమీదే పడుకున్నాడు.

"ఎవరన్నా ఈయన?" అన్నాడు ఆ ఇంట్లో కొత్తగా దిగిన సాకేత్.

"తాతగారు! లేచి నిలబడరా. యూనివర్సిటీలో ఈయన పుస్తకాలే పాఠం."

"నువ్వు చదివావా?"

"ఆ గడ్డం చూస్తే తెలీట్లా? చాలా పెద్దవి."

ఇక తాతగారికి ఇడ్లీముక్క, తాతగారికి చెంచాడు గోంగూర.

"అన్నా, దొరగారికి గోంగూరేంటి? కేక్ పెట్టు," అనేవాడు పక్క గది డేనీ.

"నూట యాభై ఏళ్ళు కేకే తిన్నాడ్రా పాపం. నోరు చచ్చిపోయుంటుంది."

ఇంతలో సాకేత్ పార్ట్‌టైమ్ చేసే హోటల్ మూతపడింది. అసలే పౌరుషం మనిషి, ఊరికే పెడితే తినడు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా, "యూనిలో తినొచ్చా అన్నా," అని మంచినీళ్ళు తాగి గదిలోకి పోయేవాడు.

ఓ సాయంత్రం శేషగిరి తాతగారి ముందు కంచం నిండా అన్నం పెట్టి, దండం పెట్టి, అదే కంచం తెచ్చి సాకేత్ ఒళ్ళో పెట్టాడు.

"నేను తిన్నానన్నా."

"తింటే తిన్నావులే. ఇది ప్రసాదం. వద్దంటే కళ్ళు పోతాయ్!"

ప్రసాదం కాదనడం సాకేత్‌కి ఇంటావంటా లేదు. కళ్ళకద్దుకుని తిన్నాడు. చిత్రమేమిటంటే, ఆనాటి నుంచి తాతగారికి ఆకలి పెరిగిపోయింది. రెండు పూటలా అన్నం, మారు వడ్డన, ఆవకాయ, గడ్డపెరుగు. పరీక్షల వారంలో కోడిగుడ్డు కూడా అడిగాడట.

సాకేత్‌కి మళ్ళీ పని దొరికి మొదటి జీతం అందిన రోజు బొమ్మముందు మళ్ళీ ఇడ్లీముక్కే కనిపించింది.

"తాతగారికేమైందన్నా?"

"అజీర్ణం. వయసు కదరా, పథ్యం పెట్టాను," అంటూ శేషగిరి అటు తిరిగి గిన్నెలు తోముకున్నాడు.

సాకేత్‌కి అప్పుడు వెలిగింది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ మింగేశాడు. బయటపెడితే అన్న పరువేం కాను!

తర్వాతి సెమిస్టర్‌కి ద్వారకానాథ్ అనే కుర్రాడు దిగాడు. భోజనాలవేళ సూట్‌కేసుమీదే కూర్చుని, "తినేసొచ్చానన్నా," అన్నాడు. కళ్ళు మాత్రం పప్పుగిన్నె మీదున్నాయి.

శేషగిరి నోరు తెరిచేలోపే సాకేత్ గోడకేసి చూసి కేకేశాడు:

"అన్నా, తాతగారి పథ్యం అయిపోయింది! ఇంకో గ్లాసు బియ్యం పొయ్యి!"