అమ్మకు పట్టని ఇనుము

నాన్న చొక్కా నానబెట్టిన బకెట్ అడుగున తెల్లారేసరికి ఎర్రటి మడ్డి పేరుకునేది. ఆయన నాచారంలో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఎంత దులుపుకొని వచ్చినా చొక్కా చేతుల మడతల్లో ఇనుప పొట్టు మిగిలిపోయేది. సబ్బు పెట్టకముందే ఆ నీళ్ళను అమ్మ తీసుకెళ్ళి, మెట్ల పక్కన పాత పెయింట్ డబ్బాలో పెంచుతున్న కరివేపాకు చెట్టుకు పోసేది. మురికి మోరీలో మాత్రం పోయనిచ్చేది కాదు.

మల్లాపూర్ వైపున్న ఆ అద్దె ఇల్లు ఇప్పుడు లేదు. సాయంత్రమైతే మందుల కంపెనీల ఘాటు వాసన, దాని మీద నాన్న తెచ్చే నూనె, ఇనుము వాసన. అప్పట్లో ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు ఉప్పల్‌లో నాలుగో అంతస్తులో, బట్టల నీళ్ళన్నీ మిషన్ గుటుక్కున మింగేసి ఏ పైపులోకి వదులుతుందో తెలియని ఇంట్లో, ఆ వాసన కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

నేను బడిలో సైన్సు చెప్తాను. పాఠంలో కార్బన్, నైట్రోజన్ తిరిగే దారులకు బాణాల బొమ్మలుంటాయి. ఇనుముకు లేదు. ఆ బొమ్మ నాకు అన్నం ముందర నాన్న గీసి చూపించాడు.

"కొండల తవ్విన్రు, కరగవెట్టి రాడ్ జేసిన్రు, నా మిషన్ మీదికి తోలిన్రు. పొట్టంత పాతసామాన్ల కబాడీకి వోతది, మల్ల కరిగి రాడ్ అయితది. జర నా అంగికంటుకొని ఇంటికొస్తది. మీ అమ్మ చెట్టు కల్యామాకుల జొర్రి గీ పచ్చిపులుసుల వడ్తది. ఆడికెంచి మన నెత్తుర్లకు."

"అయితే ఆఖరికి మనం గూడ కబాడీకేనా నాయినా?" అన్నాను.

"మనం మట్టిల వడ్తం. కొండంటె ఏంది మరి, మట్టే గద!"

ఈ ముక్క నేను ఏటా పిల్లలకు చెప్తాను. పరీక్షలో రాయొద్దని కూడా చెప్తాను.

నేను బడిలో ఉద్యోగానికి చేరిన కొత్తలో అమ్మకు నెలనెలా రక్తం విపరీతంగా పోతుండేది. దవాఖానాకు తీసుకెళ్తే గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాలి, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది అన్నారు. కానీ ఇంత తక్కువ రక్తంతో ఆపరేషన్ చేయలేమన్నారు. ముందు ఇనుము మాత్రలు మింగి రక్తం పెంచుకొని రమ్మన్నారు.

ఇనుము అనే మాట వినగానే నాన్న అది తన పనే అనుకున్నాడు. మర్నాడే డబ్బా నిండా ఇనుప పొట్టు తెచ్చాడు. వేడినీళ్ళలో సోడా వేసి నూనె జిడ్డు వదిలేదాకా కడిగాడు. పుల్లమజ్జిగలో కలిపి కరివేపాకు చెట్టు మొదట్లో పోశాడు.

"చెట్టుకు దండిగ వెడితె ఆకుల దండిగొస్తది. ఆకులకెంచి మీ అమ్మకు."

"ఆకుల ఇనుము ఒంటికి అంత తొందరగ పట్టదు నాయినా. మాత్రలున్నయి గద."

"నువ్వు బడిల జెప్పుకో పో."

నా సైన్సును వెక్కిరించినట్టు, పాలిపోయి ఉన్న ఆ చెట్టు కొద్ది వారాల్లోనే నల్లటి పచ్చదనంతో గుబురెక్కింది. గల్లీలో ఆడవాళ్ళు రెబ్బలు అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. నాన్న కాలు నేల మీద ఆనలేదు. పూటపూటా మొదటి ముద్ద కరివేపాకు పొడితోనే తినాలి. అమ్మ వంక పెట్టకుండా తినేది. మాత్రల పట్టీలు కూడా ఒకటొకటే ఖాళీ అవుతుండేవి.

రక్తం మాత్రం రవ్వంత కూడా పెరగలేదు. డాక్టరమ్మ కసిరింది. మెట్లెక్కి వచ్చి అమ్మ గోడ పట్టుకొని నిలబడేది. నాకు భయం, భయం కన్నా కోపం. డాక్టరు మీద, మాత్రల మీద, పిచ్చిగా పెరుగుతున్న ఆ చెట్టు మీద.

ఒక ఆదివారం మట్టి గుల్ల చేద్దామని నాన్న స్క్రూడ్రైవర్‌తో డబ్బాలో పొడిచాడు. సగం కరిగిన ఎర్రటి మాత్రలు బయటపడ్డాయి. అరచేతిలో వేసుకొని నాకు చూపించాడు. చూడగానే అర్థమైంది. చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"వాంతికొస్తే జెప్పాలె గదనే!"

"వాంతేం లేదు," అంది అమ్మ తల ఎత్తకుండా. "రక్తం వెరిగితె కోస్తరు. వెరగకుంటె కొయ్యరు గద. మా అక్క గట్లనే నడుసుకుంట లోపలికి వోయింది. మల్ల బైటికి నడుసుకుంట రాలె."

"మరి చెట్టుకెందుకు వేసినవ్?" అన్నాను.

"మోరిల వడేస్తె మనసొప్పలె. మీ నాయిన గంత కష్టవడ్తుండు. చెట్టన్న మంచిగైతె సంబరపడ్తడని."

నాన్న అరుస్తాడనుకున్నాను. ఆయన వచ్చి అమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నాకు భయం లేదనుకున్నవానే? నువ్వు మెట్లెక్కుతుంటె నీ ఊపిరి సప్పుడు ఇనలేక గా చెట్టు మీద వడ్డ."

అమ్మ చేతిలోని చిక్కుడుకాయ కింద పెట్టి ఆయన వైపు తిరిగింది. "నువ్వొస్తవా లోపలికి?"

"నన్ను రానియ్యరు. తలుపుకాడ్నే ఉంట. కదల."

అమ్మ నన్ను నీళ్ళు తెమ్మంది. ఆ రోజు నుంచి మాత్ర నాన్న చేతి మీదుగానే మింగింది. రక్తం నెమ్మదిగా పెరిగింది.

ఆపరేషన్ రోజున నేను తెచ్చిన చాయ్ చల్లారిపోయింది. ఎంత బతిమాలినా నాన్న ఆ తలుపు ముందు నుంచి కదల్లేదు. అమ్మను బయటికి తెచ్చినప్పుడు కళ్ళు ఇంకా సరిగ్గా తెరుచుకోలేదు. చెయ్యి మాత్రం గాలిలో వెతుకుతోంది.

"వచ్చినవా?" అంది మత్తులోనే.

నాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. "నేనేడికన్న వోయిన్నా, వచ్చెతందుకు?"