సారీ చెప్పడానికి బొబ్బిలి నుంచి ఎచ్చెర్ల దాకా

ఆదివారం నా బాప్తిస్మం. అంతకు ముందు బుధవారం కూటంలో మా పాస్టరు గారు ఒక వాక్యం చదివారు. కానుక పట్టుకుని దేవుడి దగ్గరికి వచ్చాక, మన వల్ల బాధపడినవాళ్ళు గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి సమాధానపడాలట. ఈ మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను, తల ఊపుతున్నాను. ఈసారి మాత్రం మా అత్త కొడుకు ప్రకాశం బావ గుర్తొచ్చాడు. క్రిస్మస్‌కి చర్చిలో పాడుతుంటే బావ గొంతు బొంగురుపోయింది. నేను దొంగచాటుగా రికార్డు చేసి మా యూత్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ నవ్వారు. బావ పాడటం మానేశాడు, తర్వాత ఎచ్చెర్లలో స్టూడెంట్ల మెస్‌లో వంటపనికి వెళ్ళిపోయాడు. సారీ అని మూడుసార్లు టైపు చేసి చెరిపేశాను. ఎదురుగా మాట్లాడాలంటే నాకు నోరు రాదు. కానీ వాక్యంలో వెళ్ళమని ఉంది.

శనివారం ఆరున్నరకి బొబ్బిలి కాంప్లెక్స్‌లో రాజాం బస్సు ఎక్కాను, టికెట్టు ఇరవై ఐదు. రాజాంలో దిగేసరికి తిరుగు బస్సు పక్కనే ఉంది, కాలు అటే లాగింది. అటు చూడకుండా శ్రీకాకుళం బస్సు ఎక్కేశాను. ముప్పై రూపాయలు, తొమ్మిదికి చిలకపాలెం. అక్కడి నుంచి షేర్ ఆటో పది రూపాయలు.

"యూనివర్సిటీలో సదువుతన్నావేటి?" అన్నాడు ఆటో ఆయన.

"నానా? ఐదుతో ఆపేసినాను మావా."

"పోన్లే, నాకంటే రెండు క్లాసులెక్కువే."

మెస్‌లో టిఫిన్ల హడావుడి. బావ పూరీలు వేయిస్తూ నన్ను చూసి మళ్ళీ మూకుడు వైపు తిరిగిపోయాడు. పెద్ద వంటామె అప్పయ్యమ్మ, "ఎవుడ్రా నువ్వు, గుమ్మంలో స్తంభంనాగ?" అంది. "మా మావ కొడుకులే" అన్నాడు బావ. ఆమె నా చేతికి కత్తి, ఉల్లిపాయల బుట్ట ఇచ్చింది. పదిన్నర దాకా తరిగాను. జనం తగ్గాక నోరు తెరిచాను.

"బావా, ఆ రికార్డింగు... తప్పయిపోయినాది. రేపు నా బాప్తిస్మం. ముందు నీకు సెప్పాలని వొచ్చినాను."

"అయితే నీ బాప్తిస్మం కోసం వొచ్చినావు. నా కోసం కాదు."

కత్తి కింద పెట్టాను. "నువ్వు వొద్దంటే రేపు తీసుకోను. నువ్వు పాట మానేసినావు, అది నా వల్లే."

"నవ్వించినప్పుడు అందరి ముందరా. సారీ మాత్రం పొయ్యి కాడ, సెవిలోనేటి?"

గ్రూపులో నేనెప్పుడూ గొంతు వినిపించలేదు. ఫోన్ తీసి బటన్ నొక్కిపట్టుకున్నాను. "నాను ప్రకాశం బావని ఎగతాళి సేసినాను. ఆ రోజు సిగ్గుపడాల్సింది బావ కాదు, నానే" అని పంపేశాను.

"మేకపిల్లనాగ వణికిపోతన్నాడు!" అంది అప్పయ్యమ్మ. బావ నవ్వాపుకోలేకపోయాడు. ఐదు నిమిషాల్లో గ్రూపులో నా గొంతు మీద నవ్వుల బొమ్మలు వచ్చి పడ్డాయి. అయినా నా మెసేజ్ చెరపలేదు.

"రేపు నాకు సెలవు లేదు, బిరియానీ ఉన్నాది" అని, ఆటో దాకా వచ్చి, "దిగు నీళ్ళలోకి" అన్నాడు బావ. క్షమించానని అనలేదు.

మర్నాడు నీళ్ళలోకి దిగాను. బావ ఇంకా పాడటం లేదు, నేను అడగడం మానలేదు. ఇన్నాళ్ళూ వాక్యం వింటే చాలనుకున్నాను. అది కాళ్ళకి పని చెబుతుందని ఇప్పుడు తెలిసింది. రోజూ కూడబలుక్కుని ఒక ముక్క చదువుతున్నాను. ఈసారి ఎవరింటికి పంపుతుందో అని భయమే, అయినా చదువుతున్నాను.

మీరూ ఇలాంటి పని మీద ఎచ్చెర్ల వెళ్తే టికెట్టు చిలకపాలెం వరకే తీసుకోండి, మెస్‌కి పదిన్నర దాటాక వెళ్ళండి. ముందు ఫోన్ మాత్రం చేయకండి. ఫోన్‌లోనే చెప్పేసి ఇంట్లో ఉండిపోతారు.